జోర్డాన్ లోయ ఖర్జూరం ప్యాకెట్‌పై ఏ దేశం పేరు ముద్రించాలి?

కడపలోని మా డ్రై ఫ్రూట్స్ దుకాణానికి ముంబై నుంచి వచ్చిన మెడ్జూల్ ఖర్జూరం పెట్టెలపై దేశం పేరు లేకుండా ‘జోర్డాన్ లోయ ఉత్పత్తి’ అని మాత్రమే ఉంది. వాటిని అరకిలో ప్యాకెట్లుగా కట్టి అమ్మాలంటే 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం మూల దేశం ముద్రించక తప్పదు. ఆ లోయలో తూర్పు వైపు జోర్డాన్ దేశానిది కాగా, పడమటి వైపు ఎక్కువ భాగం 1967 నుంచి ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న వెస్ట్ బ్యాంక్‌లోది కనుక పెట్టె మీది మాటతో ఏమీ తేలదు. బిల్లులోనూ దేశం లేదు; బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతిదారు కస్టమ్స్‌కు సమర్పించే సరుకు వివరాల పత్రం) నకలు అడిగితే టోకు వ్యాపారి ఇవ్వలేదు; నిబంధనల్లో వివాదాస్పద ప్రాంతాల ప్రస్తావన నాకు కనబడలేదు. ఆక్రమిత ప్రాంతంలోని ఇజ్రాయెలీ సెటిల్‌మెంట్ల (నివాస స్థావరాల) నుంచి వచ్చే సరుకుపై ఆ సంగతి కూడా రాయాలని 2019 నవంబరు 12న ఐరోపా సమాఖ్య న్యాయస్థానం తీర్పు చెప్పింది గానీ, అది మన దేశానికి వర్తించేది కాదు. దిగుమతి పత్రాల్లో ప్రకటించిన దేశాన్నే ముద్రిస్తే మన చట్టం ప్రకారం సరిపోతుందా, లేక పండిన ప్రాంతాన్ని విడిగా చూపాలా?