లెవయతన్ బొమ్మలోని రాజు ముఖం హాబ్స్‌దేనా?

పాతపుటలు:
ఇంగ్లీషు తత్వవేత్త థామస్ హాబ్స్ 1651లో అచ్చువేయించిన రాజనీతి పుస్తకం 'లెవయతన్' తెరవగానే కొండల వెనక నుంచి ఒక మహాకాయుడైన రాజు లేచి కనిపిస్తాడు. ఒంటినిండా చిన్న చిన్న మనుషులు, ఒక చేతిలో కత్తి, ఇంకో చేతిలో బిషప్పు దండం. ఆ ముఖం హాబ్స్‌దే అనే వాదన ఒకటి ఉంది. ఆ కళ్లూ మీసమూ చూస్తే నాకూ అలాగే అనిపిస్తుంది. పైగా ఆ బొమ్మని రాగిరేకు మీద చెక్కాడని ఎక్కువమంది చెప్పే అబ్రహాం బోస్ ప్యారిస్‌లో పనిచేసేవాడు. హాబ్స్ అప్పుడు తలదాచుకున్నదీ అక్కడే. ఎదురుగా చూసి గీసే వీలుంది కదా.

రాగిరేకు:
వీలుండటం వేరు, గీయడం వేరు. మీసం సాక్ష్యం అస్సలు నిలవదండీ, ఆ కాలంలో సగం యూరప్‌కి అదే మీసం. హాబ్స్‌ని దగ్గరగా ఎరిగి, ఆయన జీవితం రాసిన జాన్ ఆబ్రీ వర్ణన చూడండి: విశాలమైన నుదురు, ముసలితనంలో బట్టతల, పైకి తిరిగిన మీసం, పెదవి కింద చిన్న గడ్డం కుచ్చు. వెన్సెస్లాస్ హాలర్ 1665 నాటి ఎచింగ్‌లో (రేకు మీద ఆమ్లంతో గీతలు దింపి అచ్చువేసిన బొమ్మ) ఉన్నది ఆ మనిషే. అది కాస్పర్స్ వేసిన పెయింటింగ్ చూసి చేసినది. హాబ్స్ బొమ్మ గురించి హాలర్ ఆబ్రీకి రాసిన ఉత్తరం కూడా దొరుకుతుంది. తెలిసినవాళ్లు చూసి చాలా పోలి ఉందన్నారట. కానీ తీసుకోవలసిన వ్యాపారి స్టెంట్ వెనకాడాడని, తన శ్రమ వృథా అయ్యేలా ఉందని హాలర్ బాధపడ్డాడు. అది చదివితే నాకు మనసు చివుక్కుమంటుంది. పోలిక కుదిరిందని ఆనాటి మనుషులే చెప్పిన బొమ్మ మన దగ్గర ఉంటే, కిరీటం పెట్టుకున్న రాజులో హాబ్స్‌ని వెతకడం దేనికి?

మూడోవైపు:
ఇద్దరికీ ఒక ప్రశ్న. అది ఇంగ్లండు రాజు రెండో చార్లెస్ అనేవాళ్లున్నారు, రాజరికాన్ని కూలదోసిన వాళ్ల నాయకుడు క్రామ్‌వెల్ అనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల సంగతేమిటి?

రాగిరేకు:
అక్కడే అసలు విషయం ఉంది. హాబ్స్ చార్లెస్‌కి చర్మపత్రం మీద రాయించిన ప్రతి ఒకటి ఇచ్చాడు, అది ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అందులోని బొమ్మ చేత్తో గీసినది. దాంట్లో చిన్న మనుషుల ముఖాలు బయటికి, మనవైపు చూస్తాయి. అచ్చు ప్రతిలో వాళ్లు మనకి వీపు చూపించి రాజువైపు తిరిగి ఉంటారు. రాజు ముఖమూ రెండింట్లో ఒకటి కాదు. రచయిత తన ముఖాన్నే పెట్టాలనుకుని ఉంటే రెండుచోట్లా అదే ఉండాలి. నా మటుకు అది ఎవరి ముఖమూ కాదు. పుస్తకం చెప్పేది కూడా అదేగా: జనమంతా కలిసి తయారుచేసుకున్న కృత్రిమ మనిషి.

పాతపుటలు:
రెండు ప్రతుల తేడా గట్టి వాదనే, ఒప్పుకుంటాను. కానీ హాలర్ బొమ్మతో పోల్చి తేల్చడం న్యాయం కాదు. లెవయతన్ వచ్చేనాటికి హాబ్స్‌కి 63 ఏళ్లు, హాలర్ ఎచింగ్ నాటికి 77. బట్టతల ఆ మధ్యలో ఎంత పెరిగిందో ఎవరు చెప్పగలరు? పైగా రేకు మీద చెక్కింది కాగితం మీద కుడిఎడమలుగా పడుతుంది.

రాగిరేకు:
కుడిఎడమలు మారితే నుదురు తగ్గదు కదండీ. వయసు మాట సరే, అందుకే నేను ఎక్కువ బరువు పెట్టింది చర్మపత్రం ప్రతి మీద. ఇంకో మాట. 1651 అని వేసిన ముద్రణలు మూడున్నాయి, వాటిలో రెండు తర్వాతెప్పుడో పాత తేదీతో అచ్చయినవి. మీరు చూసిన స్కాన్ ఏ ముద్రణదో చెప్పండి, అప్పుడు కళ్ల సంగతి మాట్లాడుకుందాం.