హతసాక్షి (విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాడు) చనిపోయిన రోజును వర్ధంతి అనొచ్చా?

గ్రూపులో పెద్దలకు నమస్కారం. నాలుగు రోజులుగా ఒక్క మాట దగ్గర ఆగిపోయాను, సాయం చేయండి.

స్ముర్న (ఇప్పటి టర్కీలోని ఇజ్మీర్) బిషప్పు పోలికార్పును క్రీ.శ. 155 ప్రాంతంలో చంపారు. ఆ సంగతి చెబుతూ అక్కడి సంఘం రాసిన ఉత్తరాన్ని తెలుగు చేస్తున్నా. క్రీస్తు గురించి "86 ఏళ్లు ఆయన్ని సేవించాను, నాకు ఏ కీడూ చేయలేదు, నన్ను రక్షించిన నా రాజును ఎలా దూషించను" అని ఆ ముసలాయన అన్న మాట తెలుగులోకి దానంతటదే వచ్చేసింది. చిక్కంతా చివర్లో ఉంది. కాల్చేశాక మిగిలిన ఎముకలను రత్నాలకన్నా విలువైనవిగా, బంగారంకన్నా మేలిమివిగా ఏరుకుని తగిన చోట ఉంచాం, ఏటా అక్కడ సంతోషంగా కూడి ఆయన సాక్ష్యపు "గెనెథ్లియోస్" రోజు జరుపుకుంటాం అంటారు. ఆ గ్రీకు మాటకు అర్థం పుట్టినరోజు. చంపిన రోజును పట్టుకుని పుట్టినరోజు అంటున్నారు!

జన్మదినం అని రాస్తే చదివేవాళ్లు ఆయన తల్లి కడుపున పుట్టిన తేదీ అనుకుంటారు. వర్ధంతి అంటే మనకు దండ వేసిన ఫోటో, రెండు నిమిషాల మౌనం గుర్తొస్తాయి, సంతోషంగా కూడటం అనే మాట దాని పక్కన నిలవదు. ఇదేదో ఒక ఊరివాళ్ల ముచ్చట కూడా కాదు. ఆర్థడాక్స్ (తూర్పు క్రైస్తవ) సంఘాలు ఈనాటికీ ఫిబ్రవరి 23న పోలికార్పును తలుచుకుంటాయి. వాళ్ల క్యాలెండర్లో పుట్టుక పేరు మీద వచ్చే పెద్ద పండుగలు మూడే, క్రీస్తుది, మరియమ్మది, బాప్తిస్మమిచ్చు యోహానుది. మిగతా పరిశుద్ధులకు ఎక్కువగా కన్నుమూసిన రోజే పండుగ.

అసలు "హతసాక్షి" అనే మాట కూడా ఆలోచించదగ్గదే. గ్రీకు "మార్తుస్"కు మొదటి అర్థం కోర్టులో నిలబడి చెప్పే సాక్షి, అంతే, అందులో చావు లేదు. మన బైబిల్లో స్తెఫను దగ్గర (అపొ. కార్య. 22:20) "సాక్షి" అనే ఉంది, ప్రకటన 17:6కు వచ్చేసరికి "హతసాక్షుల రక్తము" అయింది, మూలంలో రెండు చోట్లా ఒకే మాట. కేథలిక్కులు వేదసాక్షి అంటారు, మలయాళంలో రక్తసాక్షి. కేరళ ఆర్థడాక్స్ వాళ్లు సెయింట్ జార్జిని గీవర్గీస్ సహదా అంటారు, ఆ సహదా సిరియాక్ (వాళ్ల పాత ఆరాధన భాష) మాట, మనం హైదరాబాదులో వినే షహీద్‌కు దగ్గరి చుట్టం, రెండింటికీ మూలార్థం సాక్షే. ఎన్ని భాషలు తిరిగినా సాక్షి అన్న ముక్క మాత్రం ఎవరూ వదల్లేదు, నాకు భలే నచ్చిన సంగతి ఇది.

కామెంట్:
వర్ధంతిని అంత తొందరగా పక్కన పెట్టకండి అండీ. మేం చాలా ఏళ్లు మైసూరులో ఉన్నాం. అక్కడ ఆషాఢంలో చాముండేశ్వరి వర్ధంతి అంటే అమ్మవారి పుట్టినరోజు! కొండకు జనం పోటెత్తుతారు. మొదటిసారి విన్నప్పుడు మా అమ్మ "అమ్మవారికి వర్ధంతి ఏంటి, అపచారం" అని కంగారుపడింది. మాటలో ఉన్నది "వృధ్" ధాతువే కదా, పెరగడం. వృద్ధి, వర్ధిల్లు అన్నీ అందులోవే. చావు అర్థం మన తెలుగు వాడుకలో వచ్చి చేరింది.

నా జవాబు:
ఎంత మంచి మాట చెప్పారండీ! పెరగడం అనగానే కొల్లివా గుర్తొచ్చింది. గోధుమలు మెత్తగా ఉడకబెట్టి, నీళ్లు వార్చి ఆరబెట్టి, చక్కెర, ఎండుద్రాక్ష, దానిమ్మ గింజలు కలిపి, చనిపోయినవాళ్ల పేరున ఆర్థడాక్స్ గుళ్లో పంచుతారు. దాని వెనక థియోడోర్ అనే హతసాక్షి కథ ఉంది. పాత దేవతలను కొలిచిన రోమన్ చక్రవర్తి జూలియన్ కాలంలో కాన్‌స్టాంటినోపుల్ (ఇప్పటి ఇస్తాంబుల్) బజారులో తిండి మీద బలుల రక్తం చల్లించారట, అప్పుడు అంతకు ఎన్నో ఏళ్ల ముందే చంపబడిన థియోడోర్ అక్కడి బిషప్పుకు కనిపించి, బజారు సరుకు కొనొద్దు, కొల్లివా వండుకోండి అన్నాడట. కొల్లివా అంటే ఏంటని బిషప్పు అడిగితే, మా ఊళ్లో ఉడకబెట్టిన గోధుమల్ని అలా అంటాం అన్నాడట. చావు దాటి వచ్చినవాడి నోట కూడా సొంతూరి మాటే! ఇప్పటికీ ఈస్టరు ముందు పెద్ద ఉపవాసంలో మొదటి శనివారం ఆయన పేరున కొల్లివా పెడతారు.

గోధుమలే ఎందుకంటే యోహాను 12:24 చూడండి, "గోధుమగింజ భూమిలో పడి చావకుండినయెడల అది ఒంటిగానే యుండును, అది చచ్చినయెడల విస్తారముగా ఫలించును." చావూ పెరగడమూ ఒకే గింజలో ఉన్నాయి కదా, మీరు చెప్పిన వర్ధంతి సరిగ్గా అక్కడ కూర్చుంటుంది. కానీ తెలుగు చదివేవాళ్లకు ఆ పాత అర్థం తట్టదు, కాబట్టి ముందుమాటలో వర్ధంతి గురించి ఒక పేరా రాసి, వాక్యంలో మాత్రం పుట్టుకనే ఉంచుతున్నా:

"ఏటా అక్కడ సంతోషంగా కూడి, ఆయన సాక్షిగా పుట్టిన రోజును జరుపుకుంటాం."

చదువుతుంటే ఎక్కడైనా తడబాటు ఉంటే చెప్పండి, వచ్చే వారం దాకా దిద్దుకునే వీలుంది.