స్టామ్‌ఫర్డ్‌లో పాత రాతి ఇల్లు కొనడంపై సలహా కోరుతున్నాను

నమస్కారం. ఆరేళ్లుగా పీటర్‌బరోలో అద్దెకుంటున్న మేము లింకన్‌షైర్‌లోని స్టామ్‌ఫర్డ్‌లో సొంత ఇల్లు కొనాలనుకుంటున్నాము. రైలులో పావుగంట దూరమే అయినా, మేము సమకూర్చుకోగలిగిన 3,50,000 పౌండ్లకు పీటర్‌బరోలో పెరడుతో సహా విశాలమైన ఇల్లు వస్తుంటే, స్టామ్‌ఫర్డ్ పాత వీధుల్లో రెండు పడకగదుల ఇల్లు దొరకడమే గగనమైపోయింది. అయినా మనసు అక్కడే ఉంది. 600కు పైగా రక్షిత కట్టడాలు, తేనెరంగు సున్నపురాతి గోడలు, శుక్రవారం సంత ఉన్న ఆ ఊరినే 1967లో ఇంగ్లండ్‌లో మొట్టమొదటి పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు.

మేము చూసిన ఇల్లు గ్రేడ్ టూ జాబితాలో ఉంది, అంటే అనుమతి లేకుండా మార్పులు చేయకూడని రక్షిత కట్టడాల్లో ఒకటి. ముందు గోడలో రాళ్ల మధ్య సున్నం తీసేసి ఎవరో సిమెంటు పూశారు. వేలితో రుద్దితే దాని పక్కన రాయి పొడిపొడిగా రాలింది, లోపల సరిగ్గా అదే ఎత్తులో చెమ్మ మరక కనిపించింది. సిమెంటు తేమను బయటికి పోనివ్వదని, మళ్లీ సున్నమే పెట్టించాలని చదివాను. అనుమతి లేకుండా పాత యజమానులు చేసిన మార్పులను సరిదిద్దే భారం కొన్నవారిపై పడవచ్చన్నదే మా అసలు భయం.

ఇటువంటి ఇళ్లలో ఉంటున్నవారు దయచేసి చెప్పగలరా: కొనేముందు ఇంటి స్థితిని పరిశీలించే సర్వేయర్లలో సున్నం పని నిజంగా తెలిసినవారిని ఎలా గుర్తించాలి? పాత అనుమతుల పత్రాలలో మా లాయరు ప్రత్యేకంగా ఏమేమి అడగాలి? చెమ్మ, మరమ్మతు ఖర్చు చూపి ధర తగ్గించమంటే అక్కడి అమ్మకందారులు ఒప్పుకుంటారా? ఒంటిపొర అద్దాల కిటికీలతో, చిన్నపిల్లలున్న ఇంట్లో చలికాలం ఎలా గడుస్తుంది?