ఇంటర్ మధ్యలో ఆగిపోయిన అక్కకి ఇప్పుడు జీఈడీ అవసరమా? బావ వద్దంటున్నాడు

చిన్నచెల్లి
అందరికీ నమస్తే. మా అక్క గురించి అడుగుతున్నా. ఇంటర్ ఫస్టియర్‌లో ఉండగానే పెళ్లి చేసేశారు, టెన్త్ మెమో తప్ప తన దగ్గర ఏ సర్టిఫికెట్టూ లేదు. ఇప్పుడు నలభై దాటింది, అమెరికాలో గ్రీన్‌కార్డు మీద ఉంది, డేకేర్‌లో చేస్తోంది. ఎల్‌పీఎన్ (లైసెన్స్డ్ ప్రాక్టికల్ నర్సు) కోర్సు చేయాలని చాలా ఆశ. కాలేజీ వాళ్లేమో హైస్కూల్ డిప్లొమా గానీ దానికి సమానమైంది గానీ కావాలన్నారు. అక్క జీఈడీ, అదే హైస్కూల్‌కి సమానమైన సర్టిఫికెట్ ఇచ్చే పరీక్ష, రాస్తానంటోంది. బావేమో ఈ వయసులో అవన్నీ ఎందుకు, టెన్త్ మెమో ఎవాల్యుయేషన్‌కి (మన చదువు ఇక్కడి ఏ క్లాసుకి సమానమో రాసిచ్చేదానికి) పంపితే పంపు లేదంటే వదిలెయ్ అంటున్నాడు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. రాసినవాళ్లు ఉంటే చెప్పండి ప్లీజ్.

డల్లాస్_బాబాయ్
ఎవాల్యుయేషనే బెస్ట్. నేసెస్ (ఎవాల్యుయేషన్ ఏజెన్సీల సంఘం) మెంబర్ ఏజెన్సీకి పంపండి, రిపోర్ట్ ఇస్తారు. మా తమ్ముడికి అలాగే పనైపోయింది.

నైట్‌షిఫ్ట్_అమ్మ
బాబాయ్ గారూ, మీ తమ్ముడు ఇంటర్ పాసయ్యాక వచ్చాడా? తేడా అంతా అక్కడే ఉంది. ఇంటర్ మెమో ఉంటే చాలా ఏజెన్సీలు హైస్కూల్ డిప్లొమాకి సమానం అని రాసిస్తాయి. టెన్త్ ఒక్కటే ఉంటే మామూలుగా పదో గ్రేడ్ దాకా చదివింది అనే రాస్తారు, డబ్బులు పోసి ఆ కాగితం తెచ్చుకుని కాలేజీకి వెళ్తే కథ మళ్లీ మొదటికొస్తుంది.

నేను జీఈడీ రాసే నర్సింగ్‌లోకి వచ్చాను. మ్యాథ్స్, ఇంగ్లిష్, సైన్స్, సోషల్ అని నాలుగు పేపర్లు. అన్నీ ఒకేరోజు రాయక్కర్లేదు, ఒక్కోటి వీలైనప్పుడు రాసుకోవచ్చు, ఒక్కోదాంట్లో 145 వస్తే పాస్. అక్కకి చెప్పండి, లెక్కలకి భయపడొద్దు, మొదటి ఐదు ప్రశ్నలు తప్పితే క్యాలిక్యులేటర్ ఉంటుంది. అసలు తిప్పలు ఇంగ్లిష్‌లో వ్యాసం దగ్గర. ఒకే విషయం మీద రెండు వైపుల వాదనలు ఇచ్చి, ఎవరిది గట్టి వాదనో 45 నిమిషాల్లో రాయమంటారు. వ్యాసం అంటే మన అభిప్రాయం రాసి, చివర్లో నాలుగు మంచి మాటలు చెప్పి ముగించడం మనకి అలవాటు కదా, అలా రాస్తే మార్కులు రావు. ఫలానా పేరాలో ఈయన ఈ ఆధారం చూపించాడు, రెండో ఆయన ఊరికే అనేసి వదిలేశాడు అని వేలు పెట్టి చూపించాలి. ఆ ఒక్కటి అలవాటయ్యేదాకా నాకు నిద్ర పట్టలేదు.

లెక్కల_మనిషి
ఎవరి అనుభవం వాళ్లకి గొప్పే, డేటా కూడా చూద్దాం. జేమ్స్ హెక్‌మన్ అని ఎకనామిక్స్‌లో 2000లో నోబెల్ వచ్చినాయన, ఆయనా స్టీఫెన్ క్యామెరాన్ కలిసి 1993లోనే పేపర్ రాశారు. జీఈడీ పాసైనవాళ్ల జీతాలు హైస్కూల్ పూర్తి చేసినవాళ్లతో పోలిస్తే బాగా తక్కువ, స్కూల్ మానేసినవాళ్లకీ వీళ్లకీ పెద్ద తేడా లేదు అని తేల్చారు. పేరుకి సమానం, మార్కెట్‌లో సమానం కాదు. మా బావమరిది కూడా జీఈడీ రాశాడు, అందరం పార్టీ చేసుకున్నాం, ఇప్పటికీ అదే గ్యాస్ స్టేషన్ కౌంటర్ వెనకాల ఉన్నాడు. ఎమోషన్‌తో సలహాలు ఇవ్వకండి.

పార్క్‌వే_కిరణ్
ఆర్మీలో కూడా జీఈడీ వాళ్లని టైర్ 2లో, అంటే హైస్కూల్ వాళ్ల కింది వరసలో పెడతారు, ఏఎఫ్‌క్యూటీ అనే ఎంట్రన్స్ పరీక్షలో వాళ్లకి స్కోర్ ఎక్కువ అడుగుతారు. అంటే గవర్నమెంటే సమానంగా చూడట్లేదు.

నైట్‌షిఫ్ట్_అమ్మ
కిరణ్ బాబూ, అక్క ఆర్మీలో చేరట్లేదు. లెక్కల మనిషి గారూ, ఆ పేపర్ సంగతి నాకూ తెలుసు, మా క్లాసులో మాస్టారే చెప్పారు. వాళ్లు చూసింది ఇరవైల్లో ఉన్న ఇక్కడి మగపిల్లల జీతాలు. తెలివి ఉన్నా ఒక పని పట్టుకుని నిలబడే ఓపిక లేక బడి మానేసినవాళ్లు వాళ్లలో ఎక్కువ, పరీక్ష పాసైనంత మాత్రాన ఆ ఓపిక రాదు అనేది హెక్‌మన్ తర్వాత కూడా చెప్తూ వచ్చిన మాట. ఈ అక్క ఓపిక లేక మానేసిందా? పెళ్లి చేసి మాన్పించారు. ఆ లెక్క తెచ్చి ఈవిడకి అంటగడితే ఎలా?

లెక్కల_మనిషి
మినహాయింపులు ప్రతిదానికీ ఉంటాయి. నేను అడిగేది ఒక్కటే, జీఈడీ కాగితం చూసి జీతం పెరుగుతుందా లేదా?

నైట్‌షిఫ్ట్_అమ్మ
కాగితానికి పెరగదు, కోర్సులో చేరితే పెరుగుతుంది, కోర్సులో చేరాలంటే ఆ కాగితం కావాలి. ఇది చెప్పడానికి నోబెల్ అక్కర్లేదు. ఇంకోటి, గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి ఫెడరల్ ఎయిడ్‌కి (చదువుకి గవర్నమెంట్ ఇచ్చే సాయానికి) అప్లై చేసుకోవచ్చు, ఆదాయాన్ని బట్టి తిరిగి కట్టక్కర్లేని పెల్ గ్రాంట్ కూడా రావచ్చు, దానికీ హైస్కూల్ గానీ జీఈడీ లాంటిది గానీ అడుగుతారు.

లెక్కల_మనిషి
నా ప్రశ్నకి జవాబు రాలేదు. జీఈడీ కాగితం, జీతం, అవునా కాదా?

గుంటూరు_ఇన్_ఎన్‌జే
అబ్బా అదే ప్రశ్న ఎన్నిసార్లండీ

సాయంత్రం_మాస్టారు
నేను ఒక లైబ్రరీలో అడల్ట్ ఎడ్యుకేషన్ క్లాసులకి వాలంటీర్‌గా లెక్కలు చెప్తాను. రెండో ప్రపంచ యుద్ధంలో చదువు ఆగిపోయిన సైనికుల కోసం 1942లో మొదలైన పరీక్ష ఇది, చదువుని మధ్యలో ఎవరో లాగేసుకున్న మనుషుల కోసమే పుట్టింది. మా క్లాసుకి వచ్చే ఆడవాళ్లలో ఎక్కువమంది ఈ అక్కలాంటివాళ్లే. పాఠం వాళ్లకి కష్టం కాదు, భిన్నాలు ఒక వారం చెప్తే పట్టేసుకుంటారు. ఏడున్నరకి ఫోన్ మోగుతుంది, చిన్నోడు ఏడుస్తున్నాడు ఎప్పుడొస్తావు అని, పుస్తకం మూసేసి వెళ్లిపోతారు. అలా మానేసినవాళ్లే నాకు ఎక్కువ గుర్తున్నారు.

నైట్‌షిఫ్ట్_అమ్మ
మాస్టారూ దండం. ఇదే, ఇదే అసలు సంగతి. బావగారికి ఎవాల్యుయేషన్ మీద ప్రేమేమీ లేదు, సాయంత్రం పూట ఇల్లు ఎవరు చూస్తారు అనేదే ఆయన బాధ. డేటా డేటా అనేవాళ్ల బాధ కూడా చాలాసార్లు ఇదే.

లెక్కల_మనిషి
నా ఇంటి సంగతి మీకేం తెలుసని మాట్లాడుతున్నారు? తెలుసుకోండి అయితే. మా ఆవిడ జీఈడీ రాసింది, ఆ తర్వాత కమ్యూనిటీ కాలేజీ. అన్నేళ్లూ పిల్లలకి అన్నం పెట్టింది నేను, హోంవర్కు చేయించింది నేను, ఆఫీసులో మీటింగులు వదులుకుని ప్రమోషన్ పోగొట్టుకుంది నేను. ఆవిడ పాసైనప్పుడు అందరూ ఆవిడకి దండలేశారు, వెయ్యాల్సిందే, కష్టపడింది. నన్ను మాత్రం ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, నువ్వెలా ఉన్నావయ్యా అని అడగలేదు. చదువుకో చదువుకో అని ఫోరంలో టైప్ చేయడం ఈజీ, ఆ సాయంత్రాల లెక్క ఎవరో ఒకరు కట్టాలి, అది రాయండి ముందు.

గుంటూరు_ఇన్_ఎన్‌జే
ఇది మొదటే చెప్పి ఉంటే హెక్‌మన్‌ని లాగే పని ఉండేది కాదు కదా అన్నా. మీరు పడ్డ కష్టం చిన్నది కాదు.

నైట్‌షిఫ్ట్_అమ్మ
కష్టం కాదని నేనూ అనను. కానీ మీరు పెట్టిన ఆ అన్నం మీ ఆవిడ అంతకుముందు పదేళ్లు పెట్టి ఉంటుంది, అప్పుడు ఆవిడని ఎవరు అడిగారు? నేను రాసేటప్పుడు మా ఆయన వద్దనలేదు, సాయమూ చేయలేదు. పిల్లల్ని పక్కనే కూర్చోబెట్టుకుని సోషల్ చదివాను, అందులో సగం సివిక్స్, గవర్నమెంటే, వాళ్ల పాఠం నా పాఠం ఒకటే అయింది. బావగారికి కష్టం అని ముందే మానేస్తే అక్క జన్మంతా డేకేర్‌లోనే ఉండాలి.

డల్లాస్_బాబాయ్
అమ్మా అందరూ కొట్టుకోకండి. ఆ టెన్త్ మెమో ఒకసారి ఎవాల్యుయేషన్‌కి పంపి చూస్తే పోయేదేముంది అంటున్నా.

చిన్నచెల్లి
ఇన్ని రిప్లైలు వస్తాయనుకోలేదు. మాస్టారు గారు రాసింది అక్కకి చదివి వినిపించా. ఇంకో సంగతి రాయలేదు, ఇప్పుడు రాస్తున్నా. వంట, పిల్లలు, వాటి గురించి బావ పెద్దగా అనడు. ఇక్కడ తెలిసినవాళ్లందరికీ అక్క డిగ్రీ చదివిందని చెప్పి పెట్టాడు, పెళ్లయి వచ్చినప్పటి నుంచీ అదే చెప్తున్నాడు. ఇప్పుడు లైబ్రరీలో జీఈడీ క్లాసులో ఎవరైనా తెలుగువాళ్లు చూస్తే పరువు పోతుందని. ఎవాల్యుయేషన్ అయితే కవర్లో వస్తుంది, ఎవరికీ తెలీదు కదా, అందుకే. నిన్న అక్క మొదటిసారి ఎదురు మాట్లాడింది, ఆ అబద్ధం నువ్వు చెప్పావు నేను చెప్పలేదు అంది.

లెక్కల_మనిషి
అది తప్పు. ఆ విషయంలో బావగారి వైపు నేను లేను. అయినా సాయంత్రాల సంగతి ముందే కూర్చుని మాట్లాడుకోమనండి, ఆ మాట మీదే ఉంటా.

పార్క్‌వే_కిరణ్
ఆన్‌లైన్‌లో ఇంటి నుంచి రాయొచ్చు కదా, ఎవరికీ తెలీదు.

నైట్‌షిఫ్ట్_అమ్మ
చాలా రాష్ట్రాల్లో రాయొచ్చు, కానీ ముందు జీఈడీ రెడీ అనే ప్రాక్టీస్ టెస్టులో గ్రీన్ (పాసయ్యేలా ఉన్నారు అని) రావాలి, గదిలో ఒక్కతే ఉండాలి, కెమెరాలో మనిషి చూస్తూ ఉంటాడు, పిల్లాడు తలుపు తీసినా పరీక్ష ఆపేయొచ్చు. దాక్కుని రాయడానికి అయితే వద్దు తల్లీ, సెంటర్‌కే వెళ్లమను. ముందు సోషల్ గానీ సైన్స్ గానీ బుక్ చేయండి, ఒకటి పాసైతే ధైర్యం వస్తుంది, ఇంగ్లిష్ ఆఖరికి. మీది ఏ రాష్ట్రమో నాకు ప్రైవేట్ మెసేజ్ పెట్టండి, కొన్ని చోట్ల జీఈడీ బదులు హైసెట్ అని అలాంటిదే ఇంకో పరీక్ష కూడా ఉంటుంది, ఏది అక్కకి తేలికో చూద్దాం. వ్యాసం నేను దిద్దుతా, ఆదివారాలు నాకు సెలవు.