సంగమా, సంఘమా? తాతగారి మాటను దిద్దాలా?

మొన్న ఒక చెల్లెలు ఇక్కడ అడిగిన ప్రశ్న రెండు రోజులుగా నా మనసులోనే తిరుగుతోంది. సూర్యాపేట వైపు ఉండే వాళ్ల తాతగారి మాటలు ఫోన్‌లో రికార్డు చేసి కాగితం మీద పెడుతోందట. ఆయన ప్రతిసారీ "సంగం" అంటున్నారు. "సంగం వచ్చినంక వెట్టి బందైంది." "మా చిన్నాయన సంగంల కలిసిండు." దీన్ని "సంఘం" అని దిద్దాలా, ఉన్నదున్నట్టు రాయాలా? నలుగురైదుగురు వెంటనే దిద్దమన్నారు. సంగం అంటే నదులు కలిసే చోటు కదా, అర్థం మారిపోతుందని వాళ్ల బాధ.

నేను దిద్దవద్దనే అంటాను. ఎందుకో కొంచెం వివరంగా చెప్తాను.

సంస్కృతంలో సంఘం "సం" అనే ఉపసర్గ, "హన్" అనే ధాతువు కలిసి పుట్టిన మాట. విడిగా హన్ అంటే కొట్టడం, చంపడం. సం చేరితే దగ్గరగా, గట్టిగా ఒకచోట చేరడం. గుంపు అనే అర్థంలో ఈ రూపం ఎలా సిద్ధిస్తుందో చెప్పడానికి పాణిని ఒక సూత్రమే రాశాడు. బౌద్ధులకు అది శరణు కోరే చోటు. ఇక మన ఇళ్లలో వినిపించేది "సంఘంలో పరువు పోతుంది", "సంఘం ఏమనుకుంటుంది" అనే మాట. అక్కడ సంఘం అంటే మనిషిని గీత దాటకుండా ఆపేది. తాతగారి చిన్నాయన కలిసిన సంగం అది కాదు. గీత దాటడానికి ధైర్యం ఇచ్చింది అది.

ఆ సంగం ఎక్కడిదంటే, మొదలు ఒక భాషా గొడవలోనే ఉంది. 1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన ఒక సంస్కరణ సభలో తెలుగులో మాట్లాడబోయిన వక్తను గేలి చేశారు. ఆ అవమానం పట్టలేక కొందరు కలిసి ఆంధ్రజన సంఘం పెట్టుకున్నారు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం జరిగింది. పేరులో సంఘం పోయి మహాసభ వచ్చింది. చాలాకాలం అది చదువుకున్నవాళ్ల సభే. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యాడు, కమ్యూనిస్టుల చేతికి పగ్గాలు వచ్చాయి, సభ్యత్వం రూపాయి నుంచి అణాకు దిగింది. అణా అంటే కూలి మనిషి కూడా ఇవ్వగలిగిన డబ్బు. అక్కణ్ణుంచి అది ఊళ్లోకి దిగింది. కాగితం మీద ఆంధ్ర మహాసభ, ఊరి నోట మాత్రం సంగం.

నల్లగొండ, వరంగల్ పల్లెల్లో అప్పటి బతుకు తెలియకపోతే ఆ మాట బరువు తెలియదు. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, గొల్ల, ఒక్కో కులానికీ దొర గడిలో (కోటలాంటి ఇంట్లో) ఒక్కో వెట్టి. నాగుకు, అంటే వడ్డీకి అప్పుగా తెచ్చిన గింజలు వడ్డీతో తలకు మించి పెరిగేవి. దొర బిడ్డ పెళ్లయితే ఆమె వెంట ఆడబాపను, అంటే దాసిని పంపేవాళ్లు. మనిషిని మనిషికి అరణంగా (పెళ్లి కానుకగా) ఇవ్వడం అది. దొర ముందు నిలబడి "నీ బాంచెన్" అనాలి. బాంచ అంటే బానిస. చివర ఉన్న "న్" మనం "పేదను", "చిన్నవాడను" అన్నప్పుడు వచ్చే "ను" ప్రత్యయమే. తానెవరో చెప్పుకోవడానికి ఆ మనిషికి ఉన్న మాట అది. సంగం వచ్చాక అదే మనిషి "నేను సంగంల ఉన్న" అని చెప్పుకున్నాడు.

పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలు పొలంలో పంటను విసునూరు దేశముఖు మనుషులు ఎత్తుకుపోవాలని చూసినప్పుడు ఆమెకు అండగా నిలబడింది ఈ సంగమే. 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపు మీద కాల్పులు జరిగి దొడ్డి కొమరయ్య చనిపోయాడు. ఆ తర్వాత సంగం అంటే రసీదు ఇచ్చే సంస్థ కాదు, ఊరిని నడిపే రాజ్యం. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య రాసిన లెక్క ప్రకారం సుమారు 3,000 గ్రామాల్లో గ్రామరాజ్యాలు ఏర్పడ్డాయి, 10 లక్షల ఎకరాలు పంచారు. దొరల భూమికి పరిమితి మొదట 500 ఎకరాలు, తర్వాత 200, చివరికి ఖుష్కి (మెట్ట) 100, తరి (మాగాణి) 10. తగాదాలు తీర్చింది కూడా ఊరి కమిటీలే.

అప్పుడు వాక్యంలో ఏం జరిగిందో చూడండి. "సర్కారు చెప్పింది" అనే చోట "సంగం చెప్పింది" వచ్చి కూర్చుంది. "సంగం భూమి ఇచ్చింది", "సంగం తీర్పు చేసింది". పదిమంది మనుషుల గుంపు ఒక్కటై, తానే పని చేసే కర్త అయింది. కాలాన్ని కొలిచే మాట కూడా అయింది. జనగామ వైపు మా అమ్మమ్మకు తారీఖులు రావు. మా పెద్ద మామ పుట్టింది "సంగం వచ్చిన యాడాది", అంతే.

అదే అమ్మమ్మ "సంగపోళ్లు" అనేటప్పుడు గొంతు తగ్గించేది. చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చింది. నిజాం పాలన, రజాకార్ల దాడులు ఆగాయి, కానీ గ్రామరాజ్యాలూ పోయాయి. పారిపోయిన దొరలు చాలాచోట్ల తిరిగొచ్చి పంచిన భూములు గుంజుకున్నారు. 1951 అక్టోబరులో తెలంగాణ సాయుధ పోరాటం విరమించేదాకా "వీడు సంగపోడు" అని ఎవరైనా చూపిస్తే ఆ ఇంటికి దెబ్బలు, జైలు. ఆవిడ గొంతులో ఉన్నది ఆ భయమే. మరుసటి ఏడాది ఎన్నికల్లో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయని మనందరం గొప్పగా చెప్పుకుంటాం. ఆ ఓట్ల వెనక గొంతు తగ్గించి మాట్లాడిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి.

*

వ్యాఖ్యలు చదివాక చేరుస్తున్నాను.

జగిత్యాల నుంచి ఒక అన్న రాశారు: "మా దగ్గర సంగం అంటే 1978. రైతుకూలీ సంగం. మీరు చెప్పేది మా తాతల నాటిది." నిజమే, నేను రాయాల్సింది. ఆ ఏడాది సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్రకు నడిచిన కూలీల నోట కూడా ఇదే మాట. ముప్పై ఏళ్ల తర్వాత, వేరే జిల్లాలో, వేరే పార్టీ దగ్గర, ఊరు మళ్లీ అదే మాట ఎత్తుకుంది. పక్కనే నక్సలైట్లను పిలిచే "అన్నలు" అనే కొత్త మాట వచ్చింది గానీ, కూలి రేటు పెంచమని అడిగేది మాత్రం సంగమే.

మరొక సోదరి, "ఇప్పుడు మా ఊళ్లో సంగం అంటే ఆడవాళ్ల పొదుపు సంఘమే, సంగం పైసలు కట్టాలి అంటారు" అన్నారు. ఇదీ ఆ వరసలోనిదే అని నాకు అనిపిస్తుంది, నిరూపించలేను. జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008లో దళిత మహిళలు మొదలుపెట్టిన రేడియో పేరు కూడా సంఘం రేడియోనే. పొదుపు సంఘానికీ గ్రామరాజ్యానికీ పోలిక లేదని కోపగించుకున్న పెద్దాయనకు ఒక్కమాట: పోలిక ఉందని నేననలేదు. ఇంట్లో చెప్పుకోలేనిది నలుగురిలో చెప్పుకునే చోటుకు ఊరి ఆడవాళ్లు ఆ మాటనే వాడుతున్నారని మాత్రమే అంటున్నాను.

చెల్లెలికి నా సలహా ఇది. మీ సొంత వాక్యాల్లో సంఘం అని రాయండి, తాతగారి మాటల్లో సంగం అనే ఉంచండి. మొదటిసారి వచ్చినచోట కింద ఒక వరసలో ఇది ఏ సంగమో చెప్పండి. వీలైతే ఆయన్ని ఇంకొకటి అడగండి: ఊళ్లో సంగం లేని రోజుల్లో, అంటే సైన్యం వచ్చాక, దాన్ని ఏ పేరుతో పిలుచుకునేవాళ్లు? పేరే ఎత్తేవాళ్లు కాదా? మునగాల, హుజూర్‌నగర్ వైపు పెద్దలున్న ఇళ్లవాళ్లు కూడా అడిగి ఇక్కడ రాయండి.