డక్ డాడ్జ్‌కి క్రూగా రమ్మన్నారు, గాలి ఊరికే మారిపోతుంటే బోట్‌లో మనం చేసేదేంటి?

బెల్‌వ్యూ_బావ:
అందరికీ నమస్తే అండి. మా టీంలో ఒకాయనకి 27 అడుగుల పాత సెయిల్‌బోట్ ఉంది, సియాటెల్‌లో మంగళవారం సాయంత్రాలు లేక్ యూనియన్‌లో సమ్మర్ అంతా డక్ డాడ్జ్ రేసులు అవుతాయి కదా, దానికి క్రూ తక్కువైంది రా అంటున్నాడు. నాకు సెయిలింగ్ అంటే సెంటర్ ఫర్ వుడెన్ బోట్స్ వాళ్ళు ఫ్రీగా తిప్పితే ఓ మూల కూర్చోవడం వరకే తెలుసు. మొన్న మా ఆవిడా నేనూ గ్యాస్ వర్క్స్ పార్క్ గుట్టెక్కి చూశాం, ఒక బోటేమో పక్కకి ఒరిగిపోయి దూసుకుపోతోంది, దాని పక్కనే ఇంకోటి తెరచాప వేలాడేసుకుని కదలకుండా నిలబడింది, అదే నీళ్ళు అదే సాయంత్రం మరి ఇదేం గాలి? అక్కడ నాలాంటోడు ఏం చేయాలి, ఎవరికీ అడ్డం రాకుండా కూర్చుంటే సరిపోద్దా?

బల్లార్డ్_అన్న:
వెళ్ళిపో తమ్ముడూ, ఆలోచించకు. ఇది 1974 నుంచీ నడుస్తున్న సరదా రేసు, బాతుల్ని తప్పించుకుంటూ పోవాలి అందుకే ఆ పేరు, సీరియస్‌గా ఆడేవాళ్ళూ ఉంటారు, వేషాలేసుకుని వచ్చేవాళ్ళూ ఉంటారు.

గాలి సంగతి. ఆ లేక్‌కి పడమర క్వీన్ ఆన్ గుట్ట, తూర్పున క్యాపిటల్ హిల్, దక్షిణాన డౌన్‌టౌన్ బిల్డింగులు, గాలి ఎటు నుంచొచ్చినా వీటికి తగిలి ముక్కలు ముక్కలుగా నీళ్ళ మీదకి దిగుతుంది, అందుకే ఒకడికి పండగ పక్కోడికి ఉపవాసం. పైగా పొద్దు వాలేకొద్దీ నేల చల్లబడి ఉన్న గాలి కూడా నీరసిస్తుంది, ఫినిష్ దగ్గర అందరూ గుంపుగా ఆగిపోవడం మామూలే.

నీ పని కళ్ళతో. నీళ్ళ మీద నల్లగా, ముడతలు పడ్డట్టు ఒక మచ్చ కదిలొస్తుంటే అది పఫ్, అంటే ఉన్నట్టుండి వచ్చే గట్టి గాలి, స్కిప్పర్‌కి (బోట్ నడిపే ఆయనకి) ముందే చెప్పు, "పఫ్ వస్తోంది, మూడు, రెండు, ఒకటి" అని. అది తగలగానే బోట్ వాలుద్ది, అందరూ గాలొచ్చే పక్కకి ఎక్కి కూర్చోవాలి, షీట్ (తెరచాపని లాగే తాడు) పట్టుకున్నోడు కొంచెం వదలాలి. గాలి చచ్చిపోయినప్పుడు రివర్స్, గాలికి అవతలి పక్కకి వెళ్ళి కూర్చోవాలి, బోట్ కాస్త వాలి ఉంటే తెరచాప దాని బరువుకే షేప్‌లో నిలబడుద్ది. అప్పుడు మాత్రం దబదబా నడవకు దయచేసి, అడుగేసిన ప్రతిసారీ తెరచాపలో ఉన్న కాస్త గాలీ రాలిపోద్ది.

ట్యాంక్‌బండ్_లేజర్:
మాది హైదరాబాద్, హుస్సేన్‌సాగర్‌లో లేజర్ అనే ఒక్కడే నడిపే చిన్న బోట్ నడుపుతా (ఇప్పుడు ఇల్కా అంటున్నారు లెండి). మాకు వానాకాలమే సీజన్, సెయిలింగ్ వీక్ కూడా జులైలోనే పెడతారు, నైరుతి గాలి బాగానే వస్తది కానీ ఒడ్డు మీది బిల్డింగులు దాటి వచ్చేసరికి అస్సలు నిలకడ ఉండదు. మాకు నేర్పింది ఒకటే, ఎదురుగాలికి పోతున్నప్పుడు గాలి బోట్ ముక్కు వైపు జరిగితే అది హెడర్, వెంటనే టాక్ చేసెయ్, అంటే బోట్ ముక్కుని గాలి మీదుగా రెండో పక్కకి తిప్పెయ్, అవతలి పక్క అదే గాలి లిఫ్ట్ (కలిసొచ్చే గాలి) అయి నిన్ను మార్క్ (తిరగాల్సిన బోయా) దగ్గరకి తీస్కపోతది. ఆలోచిస్తూ కూర్చున్నోడు వెనకబడ్డట్టే.

షిల్‌షోల్_సుధ:
పైన చెప్పింది లేజర్‌కి కరెక్టేనండి, 27 అడుగుల కీల్‌బోట్‌కి (అడుగున బరువు రెక్క ఉండే బోట్‌కి) కాదు. అది బరువు, తక్కువ గాలిలో టాక్ చేస్తే మళ్ళీ స్పీడ్ అందుకోవడానికి చాలాసేపు పడుతుంది, ప్రతి హెడర్‌కీ తిరిగితే ఒకే చోట గింగిరాలు కొట్టడమే అవుతుంది. ఇంకో మోసం కూడా ఉంది. గాలి ఉన్నట్టుండి తగ్గిందనుకోండి, బోట్ మాత్రం ఇంకా పాత స్పీడ్‌లో పోతుంటుంది కాబట్టి మనకి తగిలే గాలి ముందు నుంచి వచ్చినట్టు అనిపిస్తుంది, జిబ్ (ముందు తెరచాప) మీద టెల్‌టేల్స్ కూడా హెడర్ అనే చూపిస్తాయి, నిజానికి గాలి దిక్కు ఏమీ మారలేదు. అప్పుడు టాక్ చేస్తే ఉన్న స్పీడూ పోతుంది. కొంచెం ఓపిక పట్టి ముందున్న బోట్లు ఎటు తిరుగుతున్నాయో, ఒడ్డు మీద జెండాలు ఎటు ఊగుతున్నాయో చూసి, హెడర్ అలాగే నిలబడితేనే తిరగమనండి. అసలు స్పీడ్ అన్నిటికంటే ఎక్కువ పోయేది వేరే చోట: గాలి తగ్గగానే కంగారుపడి మార్క్ వైపే బోట్ ముక్కు పెట్టి పించ్ చేయడం, అంటే గాలికి మరీ ఎదురుగా పోవడం. ముక్కుని కాస్త దించి, అంటే గాలికి దూరంగా తిప్పి స్పీడ్ రానివ్వాలి, స్పీడ్ వచ్చాకే పైకి, గాలి వైపుకి.

బెల్‌వ్యూ_బావ:
థాంక్యూ అక్కా, టెల్‌టేల్స్ అంటే తెరచాప మీద అతికించిన ఆ ఊలు దారాలేనా? ఇంకోటి, అన్ని బోట్లు ఒకేసారి స్టార్ట్ లైన్ మీదకి వస్తే గుద్దుకోవా, ఎవడు ఎవడికి దారివ్వాలి?

షిల్‌షోల్_సుధ:
అవును, అవే దారాలు. గాలి పక్కది ఎగిరెగిరి పడుతుంటే షీట్ కొంచెం లాగాలి లేదా బోట్ ముక్కు దించాలి, అవతలిది ఎగిరితే షీట్ వదలాలి. దారి గురించి రెండు గుర్తుపెట్టుకోండి చాలు: గాలి కుడి పక్క నుంచి తగులుతున్న బోట్‌కి, అంటే స్టార్‌బోర్డ్ టాక్‌లో ఉన్నదానికి, పోర్ట్ వాడు, అంటే గాలి ఎడమ నుంచి తగిలేవాడు, దారివ్వాలి, ఇద్దరూ ఒకే టాక్‌లో పక్కపక్కన ఉంటే గాలి వైపున్నవాడు తప్పుకోవాలి. మిగతావి స్కిప్పర్ చూసుకుంటాడు, మీరు మటుకు పోర్ట్‌లో ఉన్నప్పుడు జిబ్ కింద నుంచి తొంగి చూస్తూ ఉండండి, అవతల బోట్ వస్తే స్కిప్పర్‌కి అస్సలు కనబడదు.

బల్లార్డ్_అన్న:
అక్కడ సీప్లేన్లు కూడా దిగుతుంటాయి, వాటి మీద ఓ కన్నేసి ఉంచు. టాక్, జైబ్ (బోట్ తోకని గాలి మీదుగా తిప్పడం) అని వినబడగానే తల వంచెయ్, బూమ్ (తెరచాప కిందుండే అడ్డ కర్ర) ఎవరినీ పేరు పెట్టి పిలిచి తిరగదు. జాకెట్ పట్టుకెళ్ళు, జులైలో కూడా ఎనిమిది దాటాక చలేస్తుంది, రేసయ్యాక బోట్లన్నీ ఒకదానికొకటి కట్టేసి లేక్ మధ్యలో పార్టీ పెడతారు, తొందరగా ఇంటికొచ్చేస్తానని మాత్రం ఇంట్లో చెప్పకు. మిర్చి బజ్జీలేమైనా తీసుకెళ్తే వచ్చే వారం కూడా పిలుస్తారు.

బెల్‌వ్యూ_బావ:
మా ఆవిడ ఇది చదివి తనూ వస్తానంటోంది 😅 ఇద్దరం వస్తామంటే ఏమంటాడో ఆయన్ని కనుక్కుని చెప్తా.