రేషన్‌లో బియ్యం కొంత తగ్గించి జొన్నలు ఇవ్వాలా?

మెట్టపొలం:
ఇవ్వాలనే నా మాట. 2013 ఆహార భద్రత చట్టంలో బియ్యం, గోధుమల పక్కనే చిరుధాన్యాలూ ఉన్నాయి. కర్ణాటకలో రేషన్ మీద రాగులు, జొన్నలు ఇచ్చారు. మన తెలంగాణలో మాత్రం బోర్లు వేసి వరి పండించడం, అదే కొని అదే పంచడం. 2025-26లో హైబ్రిడ్ జొన్నల మద్దతు ధర క్వింటాలుకు 3,699 రూపాయలు, సాధారణ రకం వడ్లకు 2,369. అయినా మా వైపు జొన్న వేసేవాళ్లు తక్కువే. వడ్లకు ఊళ్లోనే కొనుగోలు కేంద్రం, జొన్నలకు దళారి చెప్పిందే ధర. పైగా గింజ పాలు పోసుకున్నప్పటి నుంచి పిట్టల కాపలా ఒకటి.

నైట్‌షిఫ్ట్:
సన్నబియ్యం 2025 ఉగాదికి గానీ మా గడప తొక్కలేదు. మనిషికి ఆరు కిలోలు. దొడ్డుబియ్యం అమ్ముకున్నవాళ్లు కూడా ఇప్పుడు వండుకుంటున్నారు. సరిగ్గా ఇప్పుడే జొన్నలు తినమని సలహానా? మా నానమ్మ జొన్న గటక తాగింది ఆరోగ్యం కోసం కాదండీ, బియ్యం దొరక్క. షుగర్ ఉన్నవాళ్లు కొర్రలు కొనుక్కు తినండి, ఎవరొద్దన్నారు?

ఇంతకీ రొట్టెలు ఎవరు చేయాలి? మరిగే నీళ్లతో పిండి కలిపి, అంచులు విరగకుండా తట్టి, ఒక్కొక్కటే కాల్చాలి. రాత్రి ఎనిమిదికి పని నుంచి వచ్చిన ఆడమనిషి కుక్కర్ పెట్టేస్తుందా, పిండి పిసుకుతూ కూర్చుంటుందా? ఈ లెక్క మీ చర్చల్లో ఎప్పుడూ రాదు.

డీలరుగారబ్బాయి:
మా నాన్న రేషన్ డీలర్. మిగిలిన జొన్నలు ఎవరు వెనక్కి తీసుకుంటారో ముందు చెప్పండి. వానాకాలం పురుగు పడితే మా నెత్తినే. పిండి పట్టించి ఇస్తే ఇంకా తొందరగా పాడవుతుంది.

మెట్టపొలం:
నైట్‌షిఫ్ట్ గారూ, రొట్టెల పనికి నా దగ్గర జవాబు లేదు. కానీ నేను అడిగేది బలవంతం కాదు. ఆరు కిలోల్లో రెండు కిలోలు జొన్నలు కావాలన్నవాళ్లకు ఇవ్వండి, వద్దంటే మొత్తం బియ్యమే. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ మహిళా సంఘాలు 1990లలోనే బీడు పడ్డ చెలకలను సాగులోకి తెచ్చాయి. సాగుకు తీసుకున్న అప్పు జొన్నలతోనే తీర్చారు. ఆ గింజలు ఊళ్లో ఏ పేద ఇంటికి ఎన్ని ఇవ్వాలో ఆ ఆడవాళ్లే తేల్చారు, ఎక్కువమంది దళితులు.

నైట్‌షిఫ్ట్:
వాళ్లే తేల్చుకున్నారు కదా, నేనూ అదే అంటున్నా. రొట్టె తినే ఊళ్లలో అడిగి ఇవ్వండి. మా బస్తీలో అడిగితే మాత్రం బియ్యం ముట్టుకోవద్దంటాం, కందిపప్పు పెట్టమంటాం.